పాప చేత్తో అమ్మానాయినలకు మడతల ఆల్బమ్: ఫోటోలు ఉబ్బకుండా, అట్ట వంగకుండా

ముందు మీ ప్రశ్న సంగతి. మీ అన్నావదినలు భివండీలో పవర్‌లూమ్ పనిలో ఉన్నారు. ఏడేండ్ల మేనకోడలు నల్లగొండలో మీ దగ్గరుండి చదువుకుంటోంది. వాళ్ల పెండ్లిరోజుకు పాపతోనే ఒక ఫోటో కానుక చేయించి పంపాలని మీ కోరిక, చేతిలో మూడు వారాలున్నాయి. పోయినేడు చార్టు ముక్కల మీద ఫోటోలు అంటించి పుస్తకంలా కుడితే ఫోటోలు బొబ్బలెక్కాయి, అట్ట పడవలా వంగింది, ఎదురెదురు పేజీల్లోని రెండు ఫోటోలు అతుక్కుపోయి విడదీస్తుంటే చిరిగాయి. ఈసారి అలా కాకుండా ఎలా చేయాలన్నది మీ ప్రశ్న.

కుట్టే పుస్తకం వద్దు. కాగితపు విసనకర్రలా ముందుకూ వెనక్కూ మడిచి, విప్పితే పొడుగ్గా సాగే మడతల ఆల్బమ్ చేయండి. పన్నెండు పేజీలు, ఆరు ఫోటోలు, ఆరు పాప రాతలు. ఫోటోకు గమ్ము అసలు తగలకూడదు. నాలుగు మూలలా కాగితపు మూలలు పెట్టి అందులో ఫోటో దూర్చాలి. తడి గమ్ము కవరు అట్టకు మాత్రమే, అది కూడా ఫోటోలు పెట్టకముందే. పోయినేడు జరిగిన మూడు నష్టాలకూ మూలం ఒక్కటే, తడి.

అదెలాగో చెప్తాను, అర్థమైతే మిగతా పని తేలిక. స్టూడియోలో వేసే ఫోటో కాగితానికి రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. వెనక ఫెవికాల్ రాస్తే అందులోని నీళ్లకు ఫోటోలోంచి పోయే దారి లేదు, అంచుల నుంచే మెల్లగా ఆరాలి. ఈలోపు కింది చార్టు ఆ నీళ్లు తాగి సాగుతుంది, ఆరాక ముడుచుకుంటుంది, ఫోటో మాత్రం సాగదు. అదే బొబ్బ. ఇక ఫోటో ముందు వైపు బొమ్మ ఉండే పొర జెలటిన్, తేమ తగిలితే జిగురవుతుంది. రెండు ఫోటోలు ముఖాముఖి పెట్టి, పచ్చి ఆరని పుస్తకం మీద బరువు పెడితే అతుక్కోక ఏమవుతాయి? అందుకే ఈ ఆల్బమ్‌లో ఫోటోకు ఎదురుగా ఫోటో రాదు, పాప రాసిన కాగితం వస్తుంది.

కాగితం విషయంలో స్కూలు ప్రాజెక్టులకు కొనే పల్చటి రంగు చార్టు పనికిరాదు. మడత దగ్గర రంగు లేచిపోయి తెల్లగా కనబడుతుంది, రెండేండ్లలో వెలిసిపోతుంది. బుక్ స్టాల్‌లో ఐవరీ షీట్ అడగండి, అంటే నున్నటి మందపాటి కాగితం, 200 నుంచి 220 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో ఆ లెక్క). 300 ఇస్తే తీసుకోవద్దు, పాప చేతులకు మడత పడదు. షీటు సైజు 22 అంగుళాలు, 28 అంగుళాలు, అంటే సుమారు 56, 71 సెంటీమీటర్లు. ఒక్క షీటు సరిపోతుంది, తప్పు పోతే ఉంటుందని రెండు తెచ్చుకోండి. చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఇస్తారు, ఇంటికి రాగానే విప్పి ఒక రాత్రి పరుపు కింద పెట్టండి.

కోసే ముందు కాగితం వాటం చూడాలి. ఈ ఒక్కటీ చూడకపోతే ఎంత జాగ్రత్తగా మడిచినా మడత పగులుతుంది. కాగితంలో నార ఒకే దిక్కుకు పడుకుని ఉంటుంది, కట్టెలో ఈనెల్లాగ. నార వెంట మడిస్తే కత్తితో గీసినట్టు వస్తుంది, అడ్డంగా మడిస్తే గరుకుగా పొరలు లేస్తుంది. షీటు అంచు నుంచి 5 సెంటీమీటర్ల చదరం ముక్క కోయండి. షీటులో పొడుగు వైపు ఎటుందో ఆ ముక్క మీద బాణం గుర్తు వేసి, ఒకవైపు మాత్రం తడి వేలితో రుద్దమని పాపకు ఇవ్వండి. చూస్తుండగానే ముక్క గొట్టంలా ముడుచుకుంటుంది. ఆ గొట్టం ఎటు పొడుగ్గా ఉంటే నార అటు. పిల్లలకు ఇది గారడీలా ఉంటుంది, పని మీద ధ్యాస ఇక్కడే కుదురుతుంది.

మనకు పేజీ 11 సెంటీమీటర్ల వెడల్పు, 15 ఎత్తు. నార ఆ 15 సెంటీమీటర్ల ఎత్తు వెంట ఉండాలి. షీటు నుంచి 45.5 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు ఉన్న పట్టీలు మూడు కావాలి. నార 56 వైపు ఉంటే పట్టీల పొడవు 71 వైపు పెట్టి కోయండి, మూడొస్తాయి. నార 71 వైపు ఉంటే పట్టీల పొడవు 56 వైపు పెట్టండి, నాలుగొస్తాయి. ఎటు చూసినా ఒక షీటులోనే అయిపోతుంది. మిగిలిన ముక్కలు పారేయకండి, పాప రాతల కాగితాలకు వాడుకోవచ్చు.

కోత పెద్దల పని. కట్టరు బ్లేడు కొత్తది, స్టీలు స్కేలు, కింద పాత క్యాలెండరు అట్ట. గట్టిగా ఒక్కసారే కోయాలని చూడకుండా మూడుసార్లు తేలిగ్గా లాగండి. ప్లాస్టిక్ స్కేలు అంచును బ్లేడు చెక్కేస్తుంది, గీత వంకర పోతుంది, వేలు తెగుతుంది.

మడతలకు మాత్రం కొలతలు వద్దు. 11, 22, 33 అని పిల్లలతో గుర్తులు పెట్టిస్తే ఒక్కో దగ్గర అర మిల్లీమీటరు తేడా వచ్చి చివరికి పేజీలు మెట్లు మెట్లుగా తయారవుతాయి. పట్టీ ఒక చివర 1.5 సెంటీమీటర్లు తోక కింద గుర్తు పెట్టి, దాన్ని వెనక్కి మడవండి. మిగిలిన 44ను పాప సగానికి మడవాలి. తర్వాత ఒక్కో సగాన్ని మళ్లీ సగానికి. నాలుగు సమానమైన పేజీలు వచ్చేశాయి, స్కేలు పట్టకుండానే. మూలలు రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయా లేదా అని చూసుకున్నాకే మడత నొక్కాలి. నొక్కడానికి స్టీలు చెంచా వెనక భాగం బాగుంటుంది. చెంచాకు, మడతకు మధ్య ఒక తెల్ల కాగితం పెట్టండి, లేకపోతే షీటు మీద మెరుపు చార పడుతుంది. మడత పదునుగా రాకపోతే విప్పి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో స్కేలు ఆనించి గీయండి. ఆ గాడి మడతకు బయటి వైపు రావాలి, లోపలి వైపు కాదు.

మడతల వరస ఇది: ఒకటి, రెండు పేజీల మధ్య లోపలికి, అంటే పుస్తకం మూసినట్టు. రెండు, మూడు మధ్య వెనక్కి. మూడు, నాలుగు మధ్య మళ్లీ లోపలికి. తోక వెనక్కి. మూడు పట్టీలకూ ఇదే. మొదటి పట్టీ తోకను రెండో పట్టీ మొదటి పేజీ వెనక అంటించాలి, రెండోదాని తోకను మూడోదాని వెనక. మూడో పట్టీకి తోక అక్కర్లేదు, కోసేయండి. అంటించడానికి గ్లూ స్టిక్ చాలు, దానిలో తడి తక్కువ. అతుకు వెనక్కి మడిచే చోట పడింది కాబట్టి ముందు నుంచి చూస్తే అతికినట్టే కనబడదు. విప్పితే మొత్తం 132 సెంటీమీటర్లు, షెల్ఫు మీద నిలబెట్టుకోవచ్చు.

పేజీలు సరిసంఖ్యలోనే ఉండాలి. పదకొండో పదమూడో అయితే చివరి పేజీ తిరగబడి, వెనక అట్ట బొమ్మ వైపు వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు అట్ట. బలమంతా దీనిలోనే ఉంది, చెడేదీ ఎక్కువగా ఇక్కడే. 2 మిల్లీమీటర్ల మందం గ్రే బోర్డు, అంటే బైండింగుకు వాడే బూడిద రంగు గట్టి అట్ట, దొరికితే మంచిది. దొరక్కపోతే లాంగ్ నోటుబుక్కుల వెనక అట్టలు రెండేసి కలిపి అంటించండి. ఏసీ, ఫ్రిజ్ డబ్బాల ముడతల అట్ట వాడకండి, బట్ట మీదికి గీతలు గీతలుగా తేలుతుంది. పరీక్షలకు తీసుకెళ్లే గట్టి ప్యాడు ఇంట్లో కోయలేరు, ప్రయత్నించవద్దు. రెండు అట్టలూ 11.6 వెడల్పు, 15.6 ఎత్తు. పేజీ చుట్టూ 3 మిల్లీమీటర్లు అట్ట బయటికి ఉంటే పేజీ అంచులు నలగవు.

దాని మీదికి బట్ట. మీ వదిన పాత జాకెట్టుదో, చీరదో ముక్క ఉంటే దానికి మించింది లేదు. చూడగానే ఆమెకు తెలుస్తుంది. పోచంపల్లి ఇక్కత్ నూలు బట్ట ఈ పనికి చాలా అనువు. నేయకముందే నూలుకు రంగు ఎక్కిస్తారు కాబట్టి రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది, ఏ వైపు బాగుంటే ఆ వైపు వాడొచ్చు. నారాయణపేట గళ్ల చీరలో ఇంకో సౌకర్యం, గళ్లే స్కేలుగా పనికొస్తాయి, పాపకు బట్ట వంకర పోయిందో లేదో కంటికే తెలుస్తుంది. గద్వాల చీరైతే ఒంటి భాగంలోని నూలు ముక్క తీసుకోండి. జరీ అంచు మందం, అట్ట మూల దగ్గర మడిస్తే గడ్డ కడుతుంది. ఏ బట్టయినా ఒక మూలను తడిపి తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. రంగు దిగితే ఉప్పు నీళ్లూ అవీ అంటూ తిప్పలు పడకుండా వేరే బట్ట చూసుకోండి.

నూలు బట్టకు నేరుగా ఫెవికాల్ రాస్తే అది పోగుల్లోంచి బయటికి ఉబికి, ఆరాక నల్లటి జిడ్డు మచ్చల్లా ఉండిపోతుంది. కాబట్టి ముందుగా బట్ట వెనక కాగితం వేసుకోవాలి. దీనికి మైదా లై ఉత్తమం. మైదా రెండు చెంచాలు, నీళ్లు పది చెంచాలు. చన్నీళ్లలోనే ఉండల్లేకుండా కలిపి, ఆ తర్వాతే సన్నసెగ మీద పెట్టాలి. వేడినీళ్లలో పిండి పోస్తే ఉండలే మిగులుతాయి. మూడు నాలుగు నిమిషాలు కలుపుతూ ఉంటే తెల్లదనం పోయి గాజులా మెరుస్తుంది, చెంచా నుంచి జారకుండా ముద్దగా పడుతుంది. పొయ్యి ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. పల్చగా అనిపిస్తే ఇంకో నిమిషం ఉడకబెట్టండి, పొడి పిండి మాత్రం చల్లకండి. ఎండాకాలంలో ఒక రోజే నిలవ, పులిసిన వాసనొస్తే పారబోయండి. పురుగు పట్టకుండా కొందరు బైండింగ్ లైలో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు చెయ్యి పెట్టే గిన్నెలో వద్దే వద్దు.

పల్చటి తెల్ల కాగితానికి లై రాసి, ఇస్త్రీ చేసిన బట్టను దాని మీద పరిచి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో నిమరండి. పూట ఆరాక ఆ బట్ట అట్టలా కోతకు వస్తుంది, పోగులు లేవవు. 16 సెంటీమీటర్ల వెడల్పు, 20 ఎత్తు ముక్కలు రెండు కోయండి. లై అట్టకు రాయాలి, బట్టకు కాదు. అట్టను నడిమధ్యన పెట్టి, బట్ట మూలలను ఏటవాలుగా కత్తిరించండి. అట్ట మూలకు, కోతకు మధ్య 4 మిల్లీమీటర్లు వదలాలి. మూలకు ఆనించి కోస్తే మడిచాక అట్ట బయటికి తొంగి చూస్తుంది, దాన్ని బాగు చేయడం కుదరదు. పొడుగు వైపులు రెండూ ముందు మడిచి, మూల దగ్గర మిగిలిన బట్టను గోటితో లోపలికి నొక్కి, తర్వాత పొట్టి వైపులు మడవాలి.

ఈ దశలో అట్ట బట్ట వైపుకు వంగడం మొదలుపెడుతుంది. కంగారు వద్దు, ఆరుతున్న బట్ట లాగుతోంది, అంతే. రెండో వైపు పేజీ అంటుకున్నాక అది ఇటు లాగి సరి చేస్తుంది. పోయినేడు మీ అట్ట వంగింది ఒకవైపే అంటించడం వల్లనో, ఫ్యాను కింద పెట్టి తొందరగా ఆరబెట్టడం వల్లనో అయ్యుంటుంది. రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య పెట్టి, మీద పుస్తకాలు, వాటి మీద ఐదు కిలోల బియ్యం సంచి పెట్టి రాత్రంతా వదిలేయండి. వానాకాలమైతే రెండు రాత్రులు.

వెనక అట్ట లోపలి వైపు 70 సెంటీమీటర్ల రిబ్బను అడ్డంగా పరిచి, దాని మీద పన్నెండో పేజీ వీపును అంటించండి. ముందు అట్టకు ఒకటో పేజీ వీపు. చుట్టూ 3 మిల్లీమీటర్లు సమానంగా ఉందో లేదో గమ్ము రాయకముందే ఒకసారి పెట్టి చూసుకోండి. మధ్య మడతల్లోకి తడి పోకుండా బటర్ పేపరు పెట్టి, మళ్లీ ఒక రాత్రి బరువు. అట్ట చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే, ఫోటోలు అప్పుడే పెట్టొద్దు.

ఫోటోలు 3.5, 5 అంగుళాల సైజులో వేయించండి. 11, 15 సెంటీమీటర్ల పేజీలో చుట్టూ సెంటీమీటరు ఖాళీ మిగులుతుంది. మీ అన్న ఫోన్ నుంచి రావాల్సినవి వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి, లేదంటే నాణ్యత పడిపోతుంది. ఫోన్ ఫోటో ఆకారం, ఈ ప్రింటు ఆకారం ఒకటి కావు. అలాగే వేసేస్తే తలలో పాదాలో తెగుతాయి. ఏది తెగినా పర్వాలేదో మీరే ఇంట్లో కత్తిరించి ఇవ్వండి. సాగర్ డ్యామ్ ముందు పదిమంది నిలబడ్డ ఫోటో ఫోన్లో బాగుంటుంది కానీ ఈ సైజులో ముఖాలు కందిగింజలంత అవుతాయి. ఒక్కో ముఖం కనీసం బొటనవేలి గోరంత ఉండేలా దగ్గరికి కోయండి. జెరాక్స్ సెంటర్లో ఇంక్‌జెట్ ప్రింటు వద్దు, పాప చెమట వేలు తగిలినా రంగు కరుగుతుంది.

వాళ్ల పెండ్లి ఆల్బమ్‌లోని పాత ఫోటో కావాలంటే అసలుది పీకవద్దు. ప్లాస్టిక్ షీటుకు అతుక్కున్న ఫోటోను లాగితే బొమ్మ పొర దానితో పాటే వచ్చేస్తుంది. పగటిపూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో నిటారుగా పైనుంచి తీసి ప్రింటు వేయించండి.

మూలలు పూర్తిగా పాప పనే. 1.5 సెంటీమీటర్లు, 3 సెంటీమీటర్ల తెల్ల కాగితం ముక్కలు ఇరవై నాలుగు కోసివ్వండి. పొడుగు అంచు మధ్యలో వేలు పెట్టి, అటూ ఇటూ చెవులను కిందికి మడిస్తే త్రికోణం వస్తుంది, కాగితం పడవకు మొదట మడిచినట్టే. రెండు చెవులు కలిసిన వైపు వీపు. నాలుగు మూలలనూ ముందు ఫోటోకే తొడిగి, వీపులకు గ్లూ స్టిక్ చుక్క పెట్టి, ఫోటోతో సహా పేజీ మీద కూర్చోబెట్టాలి. విడిగా మూలలు అంటించి తర్వాత ఫోటో దూర్చాలని చూస్తే ఒక్కటీ సరిపోదు. గ్లూ స్టిక్ త్రికోణం దాటి బయటికి రాకూడదు. సెల్లోటేపు, రెండు వైపులా అంటుకునే టేపు మన ఎండలకు కరిగి పసుపు జిగురు కారుస్తాయి. ఇన్‌స్టంట్ గమ్ము పిల్లల దగ్గరికే తేవద్దు.

ఎదురు పేజీలో పాప రాత. నేరుగా పేజీ మీద రాయించకండి. ఒక్క అక్షరం తప్పుపోతే పాప ఏడుస్తుంది, మీరు పట్టీ మొత్తం మళ్లీ చేయాలి. మిగిలిన షీటులో 9, 12 సెంటీమీటర్ల ముక్కలు కోసి, పెన్సిల్‌తో గీతలు కొట్టిచ్చి, బాగా వచ్చిన ముక్కను పాపనే ఎంచుకోమని, గ్లూ స్టిక్‌తో పై అంచు మాత్రం అంటించండి. పెన్సిల్ కానీ బాల్ పెన్ను కానీ వాడాలి. స్కెచ్ పెన్ను తొందరగా వెలుస్తుంది, జెల్ పెన్ను ఎదురు ఫోటోకు అంటుతుంది.

ఏం రాయాలో మీరు చెప్పకండి, అడగండి. అమ్మానాన్నలపై వ్యాసం రాయమంటే స్కూల్లో నేర్పిన నాలుగు వాక్యాలే వస్తాయి. ‘ఫోన్ చేస్తే నాయిన మొదలు ఏమంటడు?’ అని అడిగితే ‘అన్నం తిన్నవా బిడ్డా అంటడు’ అని వస్తుంది. అదే రాయనివ్వండి, అంటడు అన్న మాటను అంటాడు అని దిద్దకండి. ‘అమ్మ జడ వేస్తే ఎట్లుంటది, అత్తమ్మ వేస్తే ఎట్లుంటది?’, ‘వాళ్లు వచ్చిన రోజు ముందుగా ఏం చూపిస్తవు?’ ఇలాంటివి ఐదారు ప్రశ్నలు చాలు. ఒక జంట పేజీలను రాత లేకుండా వదిలి, మధ్య మడతకు అటూ ఇటూ పడేలా పాప అరచేయి ఆనించి పెన్సిల్‌తో గీయించి, కింద తేదీ వేయించండి. అప్పుడు ఐదు ఫోటోలే పడతాయి, ఆ ఒక్క ఫోటో తగ్గినా ఈ చెయ్యి ఉండాల్సిందే. వచ్చే ఏడు ఆ గీతలో పాప చెయ్యి పట్టదు.

బతుకమ్మ పూలు పెట్టాలనిపిస్తే గునుగు మేలు, ఎండినా రంగు నిలుస్తుంది. కానీ దాని నల్లటి సన్న గింజలు దులపకపోతే పేజీల్లో రాలి ఫోటోల మీద గీతలు పెడతాయి. తంగేడు రెక్కలు పల్చన, తొందరగా చిట్లుతాయి. ఏవైనా పాత పేపర్ల మధ్య పది రోజులు నొక్కి ఎండబెట్టి, చిన్న బటర్ పేపరు సంచిలో వేసి చివరి పేజీకి పెట్టండి. పచ్చి పువ్వు, పసుపు, కుంకుమ నేరుగా పేజీకి తగిలిస్తే మరకలే.

రోజులు ఇలా పంచుకోండి: మొదటి ఆదివారం కోత, మడతలు. మధ్యలో బట్ట, అట్ట, అది ఎక్కువగా మీ పని. రెండో ఆదివారం మూలలు, ఫోటోలు. రాతలు మాత్రం రోజుకొకటి, సాయంత్రం పావుగంట. ఏడేండ్ల పిల్ల ముప్పావుగంట దాటితే విసుగుతుంది, విసుగులో వేసిన గమ్మే ఫోటోల మీద పడుతుంది.

మూసినప్పుడు ఆల్బమ్ కొంచెం నోరు తెరుచుకున్నట్టు ఉంటుంది, రిబ్బను ఉన్నది అందుకే. మరీ తెరుచుకుంటే ఫోటోలు ఎక్కువైనట్టు, వెనక వైపు పేజీల్లో ఏమీ పెట్టకండి.

పంపడానికి కనీసం వారం ముందే స్పీడ్ పోస్టు చేయండి. ముందు బటర్ పేపరు, తర్వాత ప్లాస్టిక్ కవరు, దానికి రెండు వైపులా ముడతల అట్ట, అప్పుడు గట్టి డబ్బా. నాలుగు మూలలా నలిపిన పేపర్లు కూరండి, పార్సిల్లో ముందు నలిగేవి మూలలే. డబ్బా ఊపితే లోపల కదిలిన చప్పుడు రాకూడదు. చిరునామా పాపతో రాయించాలని ఉంటే డబ్బా లోపలి మూత మీద రాయించండి, బయట మీరే స్పష్టంగా రాసి, పిన్‌కోడ్, మీ అన్న ఫోన్ నంబరు వేయండి.